పెరట్లో గచ్చు మీద చెక్క పెట్టె చేయించి కూరలు పెంచాలి: ఏ కర్ర మంచిది, లోపల ప్లాస్టిక్ వేయాలా?

విజయనగరం_పెరడు:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. ఇంటి వెనక చిన్న పెరడు ఉంది గానీ ఇల్లు కట్టినప్పుడే మట్టి కనబడకుండా మొత్తం గచ్చు చేయించేశారు, ఓ మూల కరివేపాకు చెట్టు, తులసికోట తప్ప ఇంకేమీ లేవు. ఆకుకూరలు తన చేత్తో పెంచుకోవాలని మా అమ్మకి ఎప్పట్నుంచో కోరిక. కుండీలు, గ్రో బ్యాగులు తెచ్చి పెట్టొచ్చు, కానీ ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి, కింద కూర్చుంటే లేవలేదు, నడుం వంచి కలుపు తీయడం డాక్టరు గారు వద్దన్నారు. అందుకే నిలబడి పని చేసుకునేలా, కాళ్ళున్న చెక్క పెట్టె ఒకటి చేయిద్దామనుకుంటున్నాను. గోడ పక్కన నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పుకి చోటుంది, ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఎండ బాగా పడుతుంది.

వీడియోలు చాలా చూశాను, అన్నీ విదేశాలవే, సెడార్ వాడండి, రెడ్‌వుడ్ వాడండి అంటారు, మన కర్రల డిపోల్లో ఆ పేర్లు చెబితే ఎవరికి అర్థమవుతుంది? ఆన్‌లైన్‌లో రెడీమేడ్ పెట్టెలు అమ్ముతున్నారు గానీ అవన్నీ తేలికపాటి పైన్ చెక్క, మన వానలకి, చెదలకి ఆగుతాయని నమ్మకం లేదు. మా వీధిలో వడ్రంగిని అడిగితే ప్లైవుడ్‌తో చేసేసి పెయింట్ కొడదాం అంటున్నాడు. లోపల తార్పాలిన్ వేయాలా, అడుగున గులకరాళ్ళు పోయాలా, మట్టి ఎంత లోతు ఉండాలి, ఇవన్నీ టెన్షన్‌గానే ఉన్నాయి. డబ్బులు పెట్టాక రెండేళ్ళకే కూలిపోతే అమ్మ మళ్ళీ చేయించనివ్వదు. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

బొబ్బిలి_వడ్రంగం:

తమ్ముడూ, ముందు ప్లైవుడ్ మాట మర్చిపో. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అయినా సరే, తడి మట్టిని ఏళ్ళ తరబడి మోయడానికి చేసింది కాదు, కోసిన అంచుల దగ్గర నీళ్ళు పీల్చి పొరలు విడిపోతాయి. గట్టి కర్రే కావాలి.

మన జిల్లాల్లో ఈ పనికి నేను మొదట చెప్పేది పనస. బొబ్బిలి వీణ పనస కర్రతోనే చేస్తారన్నది అందరికీ తెలిసిందే, అదే కర్ర పాత ఇళ్ళ తలుపులకీ గడపలకీ కూడా వాడారు. పచ్చటి పసుపు రంగు చేవ (చెట్టు నడిమి ముదురు చెక్క) ఉన్న పనస చెక్కని చెదలు అంత తొందరగా ముట్టుకోవు. టేకు కూడా మంచిదే, కానీ పేరు చూసి కొనకు. పొలం గట్ల మీద పదేళ్ళకే కొట్టేసిన లేత టేకులో చేవ తక్కువ, చుట్టూ ఉన్న తెల్ల చెక్క ఎక్కువ, ఆ తెల్లది మామిడి చెక్కలాగే పుచ్చిపోతుంది. ఏ కర్రకైనా ఇదే. డిపోలో పలక చేతికి తీసుకుని అంచులు చూడు, ముదురు రంగు ఎంతవరకు ఉందో అంతవరకే దాని ఆయుష్షు. నల్లతుమ్మ చేవ కూడా గట్టిది, బళ్ళకీ నాగళ్ళకీ వాడిన కర్ర, కాకపోతే బరువెక్కువ, చిత్రిక పట్టడానికి చేతులు నొప్పెడతాయి. కాళ్ళకి మాత్రం వాడుకోవచ్చు. వేప ఫరవాలేదు. మామిడి, సరుగుడు, నీలగిరి వద్దు. సరుగుడు కర్రలు మన తీరం పొడుగునా చవగ్గా దొరుకుతాయి, సెంట్రింగుకి బాగుంటాయి, తడి మట్టి పక్కన మాత్రం నిలబడవు.

ఇంకో దారి ఉంది, నన్నడిగితే అదే ఉత్తమం. పల్లెల్లో పెంకుటిళ్ళు విప్పేసి డాబాలు కడుతున్నారు కదా, ఆ పాత దూలాలు, వాసాలు, తలుపు చెక్కలు అమ్మేచోటు కనుక్కో. యాభై అరవై ఏళ్ళు ఇంటి కప్పు కింద ఆరిన కర్ర, ఇక వంగడం, పగలడం ఉండదు. సామిల్లులో కోయించుకుంటే సరిపోతుంది, మేకులన్నీ పీకించి ఇవ్వాలి, లేకపోతే రంపం పళ్ళు పోతాయని వాళ్ళు కొయ్యరు. కొత్త కర్ర కొంటే మాత్రం బాగా ఆరింది తీసుకో, పచ్చి పలకలతో కడితే మొదటి వేసవికే సందులు తేలతాయి.

లోపల మందపాటి పాలిథిన్ షీటు చుట్టూ వేసి, అడుగున కూడా వేసి కన్నాలు పెడితే చెక్కకి తడి తగలదు. కొలతలు రేపు రాస్తాను.

నాగావళి_ఒడ్డున:

శ్రీకాకుళం నుంచి రాస్తున్నాను. కర్ర గురించి బొబ్బిలి తమ్ముడు చెప్పినదానికి తిరుగులేదు, పాత పెంకుటింటి కర్ర దొరికితే ఇంకేం అక్కర్లేదు. కానీ ఒక మాట, పాత తలుపులకి రంగు ఉంటే ఆ చెక్కలు మాత్రం కూరల పెట్టెకి వద్దు. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు వేసిన పాత ఎనామిల్ పొరల్లో ఎంతుందో ఎవరికి తెలుసు? గోకితే ఆ పొడి ఇంట్లోనే తిరుగుతుంది, పిల్లలుంటే ఇంకా ప్రమాదం. రంగు పడని వాసాలు, దూలాలు తీసుకో.

ప్లాస్టిక్ విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. అడుగున షీటు వేసి ఎన్ని కన్నాలు పెట్టినా వానాకాలంలో వేర్లో ఆకులో వచ్చి వాటిని మూసేస్తాయి, పైనుంచి ఆగకుండా కురుస్తుంటే పెట్టె బురదకుండ అవుతుంది. వేర్లకి గాలి అందక మొక్క కుళ్ళుతుంది, షీటుకీ చెక్కకీ మధ్య దిగిన నీరు ఆరే దారి లేక చెక్క కూడా లోపల్నుంచే కుళ్ళుతుంది, బయటికి మాత్రం బాగానే కనిపిస్తుంది. తడవడం వల్ల కర్ర పాడవదు, తడిసి ఆరకపోవడం వల్ల పాడవుతుంది. అడుగు పలకల మధ్య వేలు సన్నం సందు వదిలి, వాటి మీద గ్రీన్ నెట్ రెండు మడతలు పరిస్తే మట్టి జారదు, నీళ్ళు నిలవవు. గోనెసంచి కూడా పరవచ్చు గానీ అది ఒక్క ఏడాదికే చివికిపోతుంది.

గులకరాళ్ళు అస్సలు వద్దు. అడుగున రాళ్ళు పోస్తే నీళ్ళు బాగా దిగుతాయని అందరూ అనుకుంటారు. సన్నటి మట్టిలోని నీరు కిందున్న పెద్ద పెద్ద ఖాళీల్లోకి తేలిగ్గా దిగదు, మట్టి పూర్తిగా నానేదాకా రాళ్ళ పైనే ఆగుతుంది. అంటే వేర్ల దగ్గరే చెమ్మ ఎక్కువవుతుంది. పైగా లోతు పోయె, బరువు పెరిగె.

లోతు సంగతి. తోటకూర, పాలకూర, మెంతికూర, కొత్తిమీరకి ఎనిమిది అంగుళాలు చాలు. వంగ, మిరప, టమాటా కావాలంటే పన్నెండు ఉండాలి. ఆనప, బీర పాదులకి ఈ పెట్టె సరిపోదు, వాటిని వేరే పెద్ద డ్రమ్ములో పెట్టుకో. మట్టి కోసం తవ్విన ఎర్రమట్టి ఒక్కటే నింపకు, ఎండలకి రాయిలా గట్టిపడుతుంది. మట్టి ఒక వంతు, బాగా మాగిన పశువుల గత్తం (పెంట ఎరువు) ఒక వంతు, కొబ్బరి పొట్టు ఒక వంతు కలిపి, రెండు మూడు దోసిళ్ళ వేపపిండి వెయ్యి. గత్తం పచ్చిగా ఉంటే వేడికి మొలకలు చస్తాయి, వేరుపురుగు కూడా వస్తుంది, నల్లగా పొడిపొడిగా రాలుతూ మట్టివాసన వస్తేనే మాగినట్టు. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, నీళ్ళలో నానబెట్టి పిండి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ కొత్త నీళ్ళలో నానబెట్టి వాడు. నీ కొలతకి అడుగు లోతు అంటే 8 ఘనపుటడుగులు, సుమారు 226 లీటర్లు. 5 కిలోల కొబ్బరి పొట్టు ఇటుక ఒకటి నానితే 70 లీటర్ల దాకా అవుతుంది, కాబట్టి ఒక్కటి చాలు. మట్టి, గత్తం సిమెంటు సంచితో రెండేసి సంచులు.

విజయనగరం_పెరడు:

అన్నయ్యా, అక్కా, ఇద్దరికీ చాలా థాంక్స్. పాత కర్ర గురించి రేపే గజపతినగరం వైపు కనుక్కుంటాను, అక్కడ మా బంధువుల ఊళ్ళో ఇల్లు విప్పుతున్నారని విన్నాను. ఇంకో రెండు డౌట్లు. చెదలు పట్టకుండా పాత ఇంజన్ ఆయిల్ పూయమని ఇక్కడ చాలామంది అంటున్నారు, పూయొచ్చా? అలాగే ఒక ఫ్రెండు ఫ్యాక్టరీల నుంచి వచ్చే ప్యాలెట్లు దాదాపు ఉచితంగా ఇప్పిస్తానంటున్నాడు, అవి వాడితే?

పలాస_జీడితోట:

కాలిన ఇంజన్ ఆయిల్ కంచె కర్రలకి పూసుకోవచ్చు, తినే కూరల పక్కన మాత్రం వద్దు బాబూ. ఇంజన్‌లో అరిగిన లోహాలు, నూనె మాడినప్పుడు పుట్టే విషాలు అన్నీ అందులో ఉంటాయి, వానకి కొంచెం కొంచెంగా మట్టిలోకి దిగుతాయి.

మా వైపు అయితే జీడి నూనె ఉంది. వంటకి కాదు, జీడిపిక్క పైతొక్క నుంచి తీసే నల్లటి చిక్కటి నూనె. పలాసలో జీడిపప్పు పరిశ్రమ ఎంత పెద్దదో తెలుసు కదా, పప్పు తీశాక మిగిలిన తొక్కల నుంచి ఇది వస్తుంది. తీరప్రాంతాల్లో పడవ చెక్కలకీ వలలకీ ఇది పూసే అలవాటు ఉంది, పురుగు ముట్టదు, నీరు తొందరగా పట్టదు. కాళ్ళకీ, పెట్టె బయటివైపుకీ పాత గుడ్డతో పల్చగా పూసి ఎండలో బాగా ఆరనివ్వు, మందంగా పూస్తే ఎన్నాళ్ళైనా జిగటగానే ఉంటుంది. మట్టి తగిలే లోపలివైపు పూయకు. చేతులకి గట్టి రబ్బరు తొడుగులు తప్పనిసరి, ఒట్టి చేత్తో ముట్టుకుంటే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు చూసినవాళ్ళెవరికీ ఇది వేరే చెప్పక్కర్లేదు. పూర్తిగా ఆరకముందు మీ అమ్మగారిని దాని దగ్గరికి వెళ్ళనివ్వకు. ఇదంతా ఎందుకు అనుకుంటే పచ్చి అవిసె నూనె పూసుకో, దానికి చెదల్ని ఆపే శక్తి పెద్దగా లేదు గానీ కర్రని ఎండకీ వానకీ కాస్త కాపాడుతుంది, తిండి పక్కన భయం లేదు. బాయిల్డ్ అని రాసున్న డబ్బా కొనకు, తొందరగా ఆరడానికి అందులో లోహాల మందులు కలుపుతారు.

ప్యాలెట్ల మీద గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది. అందులో హెచ్‌టీ అని ఉంటే వేడి చేసి పురుగు చంపినట్టు, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినట్టు. ఎంబీది ముట్టుకోవద్దు, ముద్రే లేకపోతే అసలు తేవద్దు. హెచ్‌టీ అయినా అది ఏ సరుకు మోసిందో, దాని మీద ఏ రసాయనం ఒలికిందో చెప్పేవాళ్ళు ఉండరు. పూలమొక్కలకైతే సరే అనేవాణ్ణి, ఆకుకూరలకి వద్దు.

చీపురుపల్లి_సివిల్:

ఇది చదివి డాబా మీద పెట్టుకుందామనుకునేవాళ్ళ కోసం ఒక ముక్క. ఇతని పెట్టె నేల మీద గచ్చు పైన కాబట్టి బరువు గొడవ లేదు. అదే పెట్టెలో ఒట్టి మట్టి నింపి తడిపితే 380 నుంచి 400 కిలోలు ఉంటుంది, అక్క చెప్పిన మిశ్రమంతో అయితే 230, 250 మధ్య. మనుషులు ఎక్కి తిరిగే డాబాకి ఐఎస్ 875 (భవనాల మీద భారాలకి మన దేశ ప్రమాణం) ప్రకారం లెక్కలోకి తీసుకునే భారం చదరపు మీటరుకి సుమారు 150 కిలోలే. పెట్టె కూర్చునే చోటు చదరపు మీటరులో ముప్పావు వంతు కూడా ఉండదు, కాబట్టి తేలిక మిశ్రమమైనా ఆ అంకె దాటిపోతుంది. కింద గోడ గానీ బీము గానీ ఉన్నచోట ఒకటి పెట్టుకుంటే చాలా ఇళ్ళకి ఇబ్బంది రాదు, స్లాబు నడిమధ్యన వరసగా నాలుగైదు పెడితే మాత్రం పగుళ్ళు వస్తాయి. పాత స్లాబు అయితే ఇంజనీరుకి చూపించకుండా పెట్టకండి.

బొబ్బిలి_వడ్రంగం:

కొలతలు రాస్తానన్నాను కదా, ఇదిగో. ముందు మీ అమ్మగారిని ఆ గోడ పక్కన నిలబెట్టి మోచేయి వంచమను. మోచేతి కంటే జానెడు కిందికి మట్టి పైభాగం రావాలి, అప్పుడే భుజాలు నొప్పెట్టవు. ఐదడుగుల మనిషికి అది దాదాపు 30 అంగుళాల ఎత్తు అవుతుంది. గోడకి ఆనించే పెట్టె కాబట్టి వెడల్పు రెండడుగులు సరిగ్గా సరిపోతుంది, అంతకంటే ఎక్కువైతే అవతలి అంచుకి చెయ్యి అందదు. గోడకి మరీ ఆనించెయ్యకు, నాలుగు వేళ్ళ సందు వదిలితే వెనక చెక్క కూడా ఆరుతుంది.

పక్క పలకలు అంగుళం మందం, 14 అంగుళాల ఎత్తు. కాళ్ళు 3 అంగుళాల చదరం, 32 అంగుళాల పొడవు, నాలుగు. అడుగు పలకల కింద అడ్డంగా 2 అంగుళాల రీపర్లు (సన్న చెక్క బద్దలు) మూడు. కింద చెప్పే మూత పలకతో సహా మొత్తం కలిపి తరుగుతో దాదాపు మూడున్నర సీఎఫ్‌టీ (ఘనపుటడుగుల) కర్ర పడుతుంది, అంతకంటే ఎక్కువ చెబితే లెక్క అడుగు. నాలుగడుగుల పొడవున్న పలక తడి మట్టి తోపుడుకి మధ్యలో పొట్ట వస్తుంది, అందుకని ముందూ వెనకా మధ్యన బయటివైపు ఒక్కో నిలువు రీపరు పెట్టి, ఆ రెంటినీ కలుపుతూ లోపల్నుంచి ఒక ఇనుప కడ్డీ బోల్టులతో బిగించమను. మీ వడ్రంగి మేకులు కొడతానంటాడు. కొట్టనివ్వకు. మట్టి లోపల్నుంచి నెడుతూ ఉంటుంది కాబట్టి మేకు మెల్లగా బయటికి జారుతుంది. కాళ్ళ దగ్గర బోల్టులు, మిగతాచోట స్క్రూలు, అన్నీ 304 గ్రేడు స్టెయిన్‌లెస్. మన వైపు ఉప్పుగాలికి మామూలు ఇనుము తొందరగా తుప్పు పడుతుంది, పైగా తుప్పు పట్టిన మేకు చుట్టూ కర్ర కూడా నల్లబడి చివికిపోతుంది. ముందు బరమాతో బెజ్జం పెట్టాకే స్క్రూ దించాలి, పనస చేవ అయినా పాత కర్ర అయినా నేరుగా దించితే చీలుతుంది.

ప్లాస్టిక్ గురించి అక్క అడుగున వద్దన్నది సరైన మాటే, అడుగున నెట్టే వేసుకో. పక్కలకి మాత్రం షీటు ఉండాలంటాను, ఎందుకంటే చేవ ఎంత ఉన్నా ఏడాది పొడుగునా తడిమట్టి ఆనుకుని ఉంటే అంగుళం పలకకి కష్టం. చిక్కంతా పై అంచు దగ్గరే, షీటుకీ చెక్కకీ మధ్యకి వాన దిగేది అక్కణ్ణుంచే. షీటు అంచుని పలక పైకి మడిచి, దాని మీద నాలుగంగుళాల వెడల్పు పలక ఒకటి చుట్టూ మూతలా బిగిస్తే నీళ్ళు దిగవు. మీ అమ్మగారు చెయ్యి ఆనించుకోవడానికి, గిన్నె పెట్టుకోవడానికి కూడా అదే పనికొస్తుంది, అంచులు మాత్రం గరుకు లేకుండా బాగా చిత్రిక పట్టించు.

కాళ్ళ అడుగు చివరే అన్నిటికంటే ముందు పోతుంది, కర్ర నీళ్ళు పీల్చేది కోసిన కొస నుంచే. నిలబెట్టే ముందు నాలుగు కాళ్ళ కొసల్నీ పైన చెప్పిన జీడి నూనె గానీ అవిసె నూనె గానీ పోసిన గిన్నెలో ముంచి ఒక రాత్రంతా ఉంచి, ఒక్కో కాలి కింద నాపరాయి ముక్క పెట్టు. చెదలు మట్టి గొట్టం కట్టుకుంటూ కాలు మీదుగానే పైకి వస్తాయి, రాయి మీద ఆ గీత కనబడితే చీపురుతో రాల్చేస్తే చాలు. చీమల కోసమని కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టేవాళ్ళున్నారు, దోమలు పెరుగుతాయి, వద్దు.

నాగావళి_ఒడ్డున:

మూత పలక ఆలోచన చాలా బాగుంది తమ్ముడూ, అలా అయితే పక్కలకి షీటు వేసుకోవచ్చు, నాకూ అభ్యంతరం లేదు.

విత్తనాల సంగతి కూడా చెప్పేస్తాను. ఇప్పుడు చేయిస్తే వెంటనే తోటకూర, గోంగూర, బచ్చలి వేసుకోవచ్చు, ఇవి వేడినీ వాననీ ఓర్చుకుంటాయి. పాలకూర, మెంతి, కొత్తిమీర మన వైపు అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా బాగా వస్తాయి, వేసవిలో వేస్తే ఆకు పెరక్కుండానే పూతకి వచ్చేస్తాయి. సన్న విత్తనాలు చల్లాక పెద్ద వాన పడితే అన్నీ ఒక మూలకి కొట్టుకుపోతాయి, మొలిచేదాకా పైన గ్రీన్ నెట్ పరిచి ఉంచండి. వేసవిలో ఎత్తు పెట్టె నేల కంటే తొందరగా ఎండుతుంది, అన్ని వైపులా ఎండ కొడుతుంది కదా, మట్టి మీద ఎండుగడ్డి రెండంగుళాలు కప్పితే పొద్దున ఒక్కపూట నీళ్ళు చాలు. మొదటి పంట అయ్యేసరికి మట్టి రెండు మూడంగుళాలు కిందికి దిగిపోతుంది, అప్పుడు గత్తం కలిపి మళ్ళీ నింపుకోవాలి.

బచ్చలి పాకడానికి పందిరి కావాలంటే పెట్టెకి బిగించకండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ ఎలా వచ్చాయో మనవాళ్ళెవరూ మర్చిపోలేదు, ఉద్దానంలో కొబ్బరి చెట్లే పడిపోయాయి. ఆకు నిండిన పందిరిని గాలి పట్టుకుంటే కాళ్ళ మీద నిలబడ్డ పెట్టె మొత్తం ఒరిగిపోతుంది. వెనక గోడకి కొక్కేలు దించి తాళ్ళు కట్టి పాకించండి, తుఫాను హెచ్చరిక రాగానే తాళ్ళు కోసేస్తే బచ్చలి నెల తిరక్కుండా మళ్ళీ చిగురిస్తుంది. పాత కర్ర దొరికాక కోయించకముందు రెండు కొసలూ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చేవ ఎంతుందో బొబ్బిలి తమ్ముడు చూసి చెబుతాడు.